ట్యూషన్‌లో ఏళ్లుగా వాడుతున్న సైన్స్ సైట్లు: నిలిచినవి, వదిలేసినవి

హైదరాబాద్ రామంతాపూర్‌లో మేడమీద గదిలో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లలకు సైన్స్ చెబుతాను. మార్కులు తెప్పించే సైట్ల గురించి రాయడానికి చాలామంది ఉన్నారు, అది వాళ్లకే వదిలేస్తున్నాను. పిల్లలు "ఎందుకు?" అని అడిగినప్పుడు తెరిచి చూపించదగ్గవి ఏవో, ఇన్నేళ్ల వాడకంలో నాకు తేలినంత వరకు చెబుతాను. నేను చూసేది ముఖ్యంగా ఒక్కటే. ఏదైనా సంఖ్య ఇస్తే, అది ఏ పరిస్థితుల్లో నిజమో కూడా ఆ సైటు చెప్పాలి. చెప్పకపోతే అది ఎంత ముస్తాబుగా ఉన్నా నాకు పనికిరాదు.

ఈ లెక్కన నా మొదటి ఓటు ఎవరూ పెద్దగా పట్టించుకోని కెమిస్ట్రీ వెబ్‌బుక్‌కే. పదార్థాల ధర్మాల కొలతలు ఇచ్చే ఈ సైటును అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 1996 నుంచి నడుపుతోంది. చూడటానికి బ్యాంకు దరఖాస్తులా ఉంటుంది. ఒక బ్యాచ్‌లో నీళ్లు మరిగించి థర్మామీటర్ పెడితే పాదరసం 98 దగ్గర ఆగిపోయింది. "మేడమ్, థర్మామీటర్ పాడైంది" అన్నారు పిల్లలు. పుస్తకంలో 100 అని ఉంది మరి! వెబ్‌బుక్‌లో ద్రవాల ధర్మాల పేజీ తెరిచి, నీటిని ఎంచుకుని, పీడనం దగ్గర 95 కిలోపాస్కల్ ఇచ్చాను. మరిగే ఉష్ణోగ్రత 98.2 డిగ్రీలు అని వచ్చింది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, కాబట్టి ఇక్కడి గాలి పీడనం దాదాపు అంతే ఉంటుంది. పుస్తకంలోని 100 సముద్రమట్టం దగ్గరి మాట. వెంటనే ఒకమ్మాయి "అయితే తిరుమలలో?" అంది. కొండ ఎత్తు 850 మీటర్ల పైచిలుకు, దానికి తగ్గ పీడనం వేస్తే 97 దగ్గరికి వచ్చింది. ఇంకా ఎంతో ఎత్తున ఉన్న లద్దాఖ్‌లోని లేహ్‌కి వేస్తే 88. అక్కడ అన్నం ఉడకడానికి కుక్కర్ ఎందుకు కావాలో నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఈ సైటుతో ఇబ్బంది ఏమిటంటే, పిల్లలను ఒంటరిగా దాని ముందు కూర్చోబెట్టలేం. యూనిట్లు ఎంచుకునే పేజీ దగ్గరే సగం మందికి టెన్షన్ మొదలవుతుంది. ఇది టీచర్లు వాడుకోవాల్సిన సైటు.

హైపర్‌ఫిజిక్స్‌ది కూడా అదే కోవ. జార్జియా స్టేట్ యూనివర్సిటీలో రాడ్ నేవ్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు తయారుచేసింది. పాతకాలం రంగులు, చిన్న చిన్న పెట్టెలు, వాటి మధ్య గీతలు. వేగం అనే పెట్టె నొక్కితే త్వరణానికి, అక్కడి నుంచి బలానికి, అలా దారి తీస్తూ పోతుంది. అధ్యాయాల వరుసలో కాక భావనల మధ్య సంబంధాలను బట్టి విషయం అమర్చడమే దీని బలం. సూత్రాల పక్కన గడులు ఉంటాయి, తెలిసిన విలువలు వేస్తే తెలియనిది లెక్కకట్టి ఇస్తుంది. హోంవర్కు సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. కాకపోతే అంతా ఇంగ్లీషే, అదీ క్లుప్తమైన ఇంగ్లీషు. తెలుగు మీడియం పిల్లలకు పక్కన మనం కూర్చోకపోతే కష్టం.

పిల్లలకు నేరుగా ఇచ్చేయగలిగింది ఫెట్. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన సిమ్యులేషన్లు, అంటే తెరమీదే చేసి చూసే ప్రయోగాలు ఇవి. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. విద్యుత్ వలయాల సిమ్యులేషన్ మా గదిలో అరిగిపోయినంతగా వాడాం. బ్యాటరీ, తీగలు, బల్బులు లాగి కలుపుకోవడమే. బల్బులు శ్రేణిలో పెడితే మసకబారతాయి, సమాంతరంగా పెడితే వెలుగు తగ్గదు. బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలూ తీగతో కలిపేస్తే మంటలు వస్తాయి. దాని కోసమే మగపిల్లలు ముందు ఆ పని చేస్తారు, చేయనివ్వండి. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో ఇక మర్చిపోరు. పదో తరగతిలో అందరినీ తికమకపెట్టే విషయం ఒకటుంది: ఎలక్ట్రాన్లు ఒకవైపు పోతుంటే విద్యుత్ ప్రవాహ దిశను ఎదురుగా ఎందుకు చూపిస్తారు? ఇక్కడ ఒక బటన్ నొక్కితే ఎలక్ట్రాన్లు కనిపిస్తాయి, ఇంకోటి నొక్కితే బాణాలు. రెండూ మార్చి మార్చి చూశాక చాలామందికి ఆ ముడి విడిపోయింది.

లోపం లేదని కాదు. తీగలో ఎలక్ట్రాన్లను గోళీల్లా వరుసగా చూపించడంతో, నిజంగా తీగలో ఉండేవి ఆ పదో ఇరవయ్యో అనుకునే పిల్లలు ఉంటారు. మొదట్లోనే ఆ మాట చెప్పేయాలి. కొత్త సిమ్యులేషన్లు ఫోన్‌లో ఆడతాయి, ఫైలు దించుకుని పెట్టుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి. మా గల్లీలో నెట్ ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి నాకిది చాలా పెద్ద సౌకర్యం.

అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి చేసిన ఆన్‌లైన్ ప్రయోగశాల ఓల్యాబ్స్ కూడా చాలాకాలం వాడాను. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ప్రయోగాలు మన సిలబస్ తీరుకు దగ్గరగా ఉంటాయి, రికార్డు రాసేటప్పుడు పనికొస్తాయి. కానీ అక్కడ ప్రయోగం ఎప్పుడూ చెడిపోదు. పరీక్షనాళిక పగలదు, రంగు రావాల్సిన చోట రాకుండా మొండికేయదు. రీడింగులు చూసి దించేసుకునే అలవాటు పడుతుందని నేను తగ్గించేశాను.

ఇంటి రసాయనాల గురించి అడిగితే, రసాయనాల సమాచారం ఇచ్చే అమెరికా ప్రభుత్వ సైటు పబ్‌కెమ్ తెరుస్తాను. బ్లీచింగ్ పౌడర్, టాయిలెట్ కడిగే యాసిడ్ ఒకేసారి వాడితే ఏమవుతుందో చూడమన్నాను. క్లోరిన్ వాయువు పుడుతుందని చదివాక ఒకబ్బాయి వెంటనే వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. ఇందులో నాకు నచ్చేది ఇంకొకటి. ఒకే పదార్థం ద్రవీభవన స్థానానికి (కరిగే ఉష్ణోగ్రతకు) వేరువేరు చోట్ల నుంచి వచ్చిన విలువలను పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడిదో చూపిస్తుంది. సైన్స్‌లో కూడా సంఖ్యలు కొంచెం అటూ ఇటూ ఉంటాయని పిల్లలకు తెలియడం మంచిదే.

వికీపీడియాను తిట్టడం టీచర్లకు ఫ్యాషన్. నేను ఆ గుంపులో లేను, వ్యాసం కింద ఉన్న ఆధారాలు చదవడం నేర్పితే చాలు. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసి వచ్చిన పిల్లలతో ఆ వ్యాసం చదివించాను. దాదాపు 9 మీటర్ల పొడవు, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది, 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. మన దగ్గర డైనోసారా అని నోళ్లు తెరిచారు. తెలుగు వికీ ఊళ్ల విషయంలో గట్టిదే, సైన్స్ వ్యాసాలు మాత్రం చాలావరకు పల్చన.

ఏ ఊరి ఆకాశమైనా ఏ సమయానికైనా చూపించే స్టెల్లేరియం గురించి ఒక్క మాట. ఊరు హైదరాబాద్ అని పెట్టి, మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు జరిపితే సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అది చూశాక పిల్లలు మేడమీద నిలువుగా సీసా పెట్టి నీడ మాయమయ్యేదాకా కాపలా కాశారు. ఆగస్టు 3న కూడా ఇదే జరుగుతుంది కానీ మబ్బులను నమ్మలేం.

డబ్బులు కట్టి తీసుకున్న ఒక వీడియో యాప్ కూడా ఉంది. బొమ్మలు బాగుండేవి, కానీ మరిగే నీటికి వాళ్లూ 100 అనే చెప్పారు, పీడనం మాట లేకుండా. గడువు అయిపోయాక కూడా ఖాతాలోంచి డబ్బు కోసుకుంటూ పోయింది, ఆపించుకోవడానికి కస్టమర్ కేర్‌తో నానా తిప్పలు పడ్డాను. ఉచితంగా ఇంత సరుకు ఉండగా కొత్తగా చందా కట్టమని ఏ తల్లిదండ్రులకూ చెప్పను.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు ఫెట్‌తో మొదలుపెట్టండి. హైపర్‌ఫిజిక్స్ ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, అడ్డంగా తిప్పితే కొంత నయం. వెబ్‌బుక్ మాత్రం కంప్యూటర్ దొరికినప్పుడే తెరవండి, ఆ పట్టికలు ఫోన్ తెరలో పట్టవు.