డ్రిప్ కాఫీ మేకర్ కొనబోతున్నారా? పెట్టె మీద రాసింది పక్కన పెట్టి, మెషీన్ కింద స్టిక్కర్ చదవండి

ఇంటికి డ్రిప్ కాఫీ మేకర్ (నీళ్లు తనే కాచి, ఫిల్టర్‌లోని పొడి మీద పోసి, కాఫీని కింద జగ్గులోకి దింపే మెషీన్) కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. "12 కప్పులు, థర్మల్ జగ్గు, స్ట్రాంగ్ బటన్, టైమర్" అని పెట్టె నిండా పెద్ద అక్షరాలతో అచ్చేసిన రకం (థర్మల్ జగ్గు అంటే ఫ్లాస్కులా వేడి నిలిపే జగ్గు) ఒకటి కొని బాగా విసిగిపోయి రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. అచ్చం ఇలాంటి లోపలి సరుకే వేరే పేర్లతో, వేరే రంగుల్లో కూడా కనిపిస్తోంది, ఒక్క పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకుంటారు. ఏం చూసుకోవాలో తెలిస్తే ఏ పేరుతో వచ్చినా మీరే పట్టేస్తారు.

ముందు ఆ 12 కప్పుల సంగతి తేల్చేద్దాం. కొన్ని కంపెనీల లెక్కలో కప్పు అంటే 125 మిల్లీలీటర్లు, కొన్నింటికి 150, ఇంకొందరు 120 దగ్గరే ఆపేస్తారు. మామూలు కాఫీ మగ్గులో 250 నుంచి 300 దాకా పడుతుంది. అంటే నా 12 కప్పుల మెషీన్ నిండా చేస్తే లీటరున్నర, మహా అయితే ఆరు మగ్గులు. ట్యాంకు ఎన్ని లీటర్లో చూడండి, కప్పుల లెక్క వదిలేయండి.

అసలు తిరకాసు వాట్స్ దగ్గర ఉంది. పెట్టె మీద ఎక్కడా వెయ్యలేదు, అమ్మేవాళ్ల వివరాల్లోనూ లేదు, మెషీన్ తిరగేసి చూస్తే అడుగున చిన్న వెండి రంగు స్టిక్కర్ మీద 900 వాట్స్ అని ఉంది. 900 అంటే తక్కువేం కాదుగా అనిపిస్తుంది. చిన్న లెక్క వేద్దాం. 25 డిగ్రీల నీళ్లను 95 డిగ్రీలకు తేవాలంటే లీటరుకు దాదాపు 293 కిలోజౌల్స్ వేడి కావాలి, లీటరున్నరకు 440. 900 వాట్స్ హీటర్ ఒక్క చుక్క వేడి కూడా వృథా చెయ్యకుండా ఇచ్చినా దానికి 8 నిమిషాల పైనే పడుతుంది, కానీ గొట్టాల్లో, ప్లాస్టిక్‌లో, గాలిలో ఎంతో కొంత పోతుంది కాబట్టి నిజంగా అయ్యేసరికి 11 నిమిషాలు దాటుతోంది. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ వాళ్లు ఇంటి మెషీన్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు, వాళ్ల లెక్క ప్రకారం నీళ్లు పొడి మీద పడడం మొదలై కాఫీ మొత్తం దిగేదాకా 4 నుంచి 8 నిమిషాలు ఉండాలి. అదే లీటరున్నరకు 1400, 1500 వాట్స్ ఉన్న మెషీన్ అయితే హాయిగా ఆ సమయంలో పూర్తి చేస్తుంది. అరలీటరు చేసే చిన్న మెషీన్‌కు 600 ఉన్నా పర్వాలేదు. అందుకే వాట్స్‌ను విడిగా చూడకూడదు, ట్యాంకు ఎంతో దాంతో కలిపి చూడాలి.

కాస్త ఆలస్యమైతే ఏం పోయింది అంటారా? రుచి పోతుంది. ఈ మెషీన్లలో మామూలుగా పంపు ఉండదు. ట్యాంకులో నీళ్లు చిన్న వన్‌వే వాల్వ్ గుండా కిందికి దిగుతాయి, అక్కడ వంచిన అల్యూమినియం గొట్టం, దాన్ని అంటుకుని హీటర్. గొట్టంలో నీళ్లు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, వెనక్కి పోనివ్వకుండా వాల్వ్ అడ్డుపడుతుంది కాబట్టి నీళ్లను తోసుకుంటూ పైకి పోతాయి. మనకు వినపడే గుడగుడ అదే. హీటర్ చాలకపోతే నీళ్లు కొంచెం కొంచెంగా, ఆగి ఆగి ఎక్కుతాయి, ఎక్కే దారిలోనే చల్లబడతాయి. వంటింటి థర్మామీటర్ తీసుకుని షవర్ (పొడి మీద నీళ్లు చిలకరించే రంధ్రాల భాగం) కింద పెట్టి చూశాను, మొదట్లో 78, మధ్యలో 85, చివరికి వచ్చేసరికి 88, అంతే. కాఫీకి 90 నుంచి 96 మధ్య ఉండాలి. తక్కువ వేడిలో పొడిలోంచి పులుపే ముందు దిగుతుంది, ఎక్కువసేపు నానితే చివర్లో చేదు దిగుతుంది. నాకు వచ్చిన కాఫీలో రెండూ ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన అసలు రుచి మాత్రం లేదు.

ఇక స్ట్రాంగ్ బటన్. అది నొక్కితే ఇంకా కాస్త మంచి కాఫీ వస్తుందేమో అనుకుంటాం. చాలా మెషీన్లలో అది చేసే పని నీళ్లను మరింత నెమ్మదిగా, ఆపి ఆపి వదలడం ఒక్కటే. ముందే నెమ్మదిగా ఉన్న మెషీన్‌కు ఇంకా బ్రేకు వేసినట్టు. కాఫీ చిక్కగా కావాలంటే పొడి ఎక్కువ వెయ్యాలి, దానికి బటన్ అక్కర్లేదు.

పొడి ఎక్కువ వెయ్యాలన్నానా, అక్కడే రెండో ఇబ్బంది మొదలైంది, ఈ పోస్టు రాయడానికి ముఖ్య కారణం కూడా ఇదే. లీటరు నీళ్లకు 55 గ్రాముల పొడి అని ఒక లెక్క ఉంది, దాని ప్రకారం లీటరున్నరకు 80 గ్రాములు దాటాలి. ఈ మెషీన్‌లో పొడి వేసే బుట్టలో పేపర్ ఫిల్టర్ పెట్టి 80 గ్రాములు పోస్తే అంచుకు రెండు వేళ్ల ఖాళీ కూడా ఉండదు. తాజాగా వేయించిన పొడి అయితే వేడినీళ్లు తగలగానే గ్యాస్ వదులుతూ నురగలా పైకి పొంగుతుంది. బుట్ట కింద ఒక స్ప్రింగ్ వాల్వ్ ఉంటుంది, జగ్గు తీసినప్పుడు చుక్కలు ఆగడానికి. జగ్గు మూత మధ్యలో ఉన్న చిన్న బొడిపె దాన్ని పైకి నొక్కితేనే కాఫీ కిందికి దిగుతుంది. ఇక్కడ డిజైన్ ఎంత అధ్వాన్నం అంటే, మూత స్క్రూలాగా తిప్పి బిగించే రకం, పూర్తిగా తిరగకపోయినా బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ బొడిపె ఒక పక్కకు జరిగి వాల్వ్‌ను సగమే తెరుస్తుంది. పైనుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, కిందికి సగమే దిగుతుంది. ఇక బుట్ట నిండి, పేపర్ అంచు మడత పడి, పొడి కలిసిన వేడి నీళ్లు మెషీన్ వెనక నుంచి కారి, గడియారం ఉన్న డిస్‌ప్లే లోపలికి పోయి, బల్ల మీంచి కిందికి ధారగా. అది జరిగాక డిస్‌ప్లేలో అంకెలు సగం సగం వెలగడం మొదలైంది. ఇంత జరుగుతున్నా మెషీన్‌కు ఏమీ తెలియదు. జగ్గు ఉందో లేదో, బుట్ట నిండిందో లేదో చూసే సెన్సర్ ఇందులో లేదు. టైమర్ పెట్టుకుని పడుకోండి అని ప్రకటన వేశారు కానీ, మూత సరిగ్గా పడిందో లేదో చూసుకోకుండా పడుకుంటే పొద్దున్న లేచేసరికి ఏముంటుందో ఊహించుకోండి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ముందు "లోపల సున్నపు పొర పట్టి ఉంటుంది, శుభ్రం చెయ్యండి" అన్నారు. కొత్త మెషీన్‌లో పొర ఎక్కడిది? తర్వాత పొడి ఎక్కువ వేశారు అన్నారు. 12 కప్పులకు ఎంత వెయ్యాలి అని అడిగితే జవాబు లేదు, వాళ్ల పుస్తకంలో "రుచికి తగినంత" అని ఉంది మరి. మూత మార్చి ఇవ్వండి అంటే మూత విడిగా రాదట, జగ్గు మొత్తం కొనాలట, ఆ జగ్గు స్టాకులో లేదట. వారంటీ కాగితం చివర చిన్న అక్షరాల్లో జగ్గు, మూత, బుట్ట, పొర వల్ల వచ్చే లోపాలు ఏవీ వర్తించవని రాసి ఉంది. అవన్నీ తీసేస్తే ఇక వారంటీ దేనికి, కరెంటు తీగకా? అమ్మినవాళ్లేమో "వాడేశారు కాబట్టి వాపసు తీసుకోం" అన్నారు. వాడకుండా కాఫీ మేకర్ బాగాలేదని ఎలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి.

అందుకని కొనే ముందే ఆ మోడల్‌కు విడిగా జగ్గు, మూత, బుట్ట దొరుకుతున్నాయో లేదో వెతకండి. దొరకని మోడల్ ఎంత బాగున్నా వదిలేయండి, ఎందుకంటే ఈ మెషీన్లలో ముందు పాడయ్యేవి అవే. పేపర్ ఫిల్టర్ సైజు కూడా చూసుకోండి. కోన్ ఆకారంలో 2, 4 నంబర్లు, లేదంటే అడుగు చదునుగా ఉండే బుట్ట రకం, వీటిలో ఏదో ఒకటైతే ఎక్కడైనా దొరుకుతుంది, ఆ కంపెనీకే సొంతమైన వింత సైజు అయితే జీవితాంతం వాళ్ల దగ్గరే కొనాలి.

రివ్యూల గురించి ఒక మాట. నేను కొన్నదానికి నక్షత్రాలు బాగానే ఉన్నాయి. తర్వాత ఓపిగ్గా చదివితే తెలిసింది, గాజు జగ్గు మోడల్, థర్మల్ జగ్గు మోడల్, చిన్న సైజు మోడల్, అన్నిటి రివ్యూలూ ఒకే చోట కుప్ప పోశారు. మెచ్చుకున్నవాళ్లలో చాలామంది గాజు జగ్గు వాళ్లు, దాని మూత తిప్పే రకం కాదు. మీరు కొనే మోడల్ నంబర్‌కు వచ్చినవి మాత్రమే విడదీసి చదవండి. "ప్యాకింగ్ సూపర్, లుక్ అదుర్స్" అని పెట్టె విప్పిన రోజే రాసినవి లెక్కలోంచి తీసేయండి. మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్లే నిజం చెబుతారు, నా నమ్మకం అది.

థర్మల్ జగ్గా, గాజు జగ్గా అంటే, ఇంత జరిగాక కూడా నేను థర్మల్‌కే ఓటేస్తాను. గాజు జగ్గు కింద హాట్‌ప్లేట్ (కాఫీ చల్లారకుండా వేడిచేసే పళ్లెం) ఉంటుంది, దాని మీద అరగంట ఉంటే కాఫీ మాడు వాసన వేస్తుంది. యూరప్‌లో అయితే 2015 నుంచి నియమం పెట్టారు, మామూలు జగ్గు మెషీన్ కాఫీ దిగాక 40 నిమిషాల్లో, థర్మల్ జగ్గుది 5 నిమిషాల్లో దానంతట అదే ఆగిపోవాలని. మీరు చూసే మెషీన్ ఎంతసేపటికి ఆగుతుందో, అసలు ఆగుతుందో లేదో అడగండి. థర్మల్ జగ్గు తీసుకుంటే మాత్రం చెయ్యి లోపలికి పోయేంత వెడల్పు మూతి ఉండాలి, నాదానికి లేదు, అడుగున గోధుమ రంగు మడ్డి పట్టేసింది, బ్రష్ కూడా అందదు. పోస్తే సన్నగా ధార వస్తోందా, మూత అంచు నుంచి కారుతోందా అన్నది కూడా షాపులో నీళ్లు పోసి చూపించమనండి. మొహమాటపడకండి.

వేరే దేశం నుంచి ఎవరైనా తెచ్చిస్తామంటే స్టిక్కర్ మీద వోల్టేజీ చూడండి. 120 వోల్ట్స్ మెషీన్‌ను 240 లైనులో పెడితే హీటర్ రెట్టింపు కాదు, నాలుగింతలు వేడెక్కే ప్రయత్నం చేస్తుంది, ఫ్యూజు పోతే అదృష్టం అనుకోవాలి.

మెషీన్ ఇంటికి వచ్చాక పెట్టె, థర్మకోల్ పారెయ్యకండి. మొదట పొడి లేకుండా ఉత్త నీళ్లతో నిండా ఒకసారి నడపండి, ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి, మూత తెరిచి షవర్ ఎన్ని రంధ్రాల నుంచి పడుతోందో చూడండి. నాదానికి ఒకే చోట ధార పడుతుంది, కాఫీ అయ్యాక ఫిల్టర్ తీస్తే మధ్యలో గుంట, అంచుల్లో పొడి తడవకుండానే ఉంటుంది. ఉత్త నీళ్లతో నడిపిన మెషీన్‌కు కాఫీ మరక ఉండదు, తేడా వస్తే వాపసు ఇచ్చేటప్పుడు గొడవ కూడా తగ్గుతుంది. తర్వాత సగానికి నీళ్లు, సగం పొడితో చెయ్యండి. నిండా చెయ్యడం ఆఖరికి.

ఇప్పటికే ఈ రకం మీ ఇంట్లో ఉంటే సగం ట్యాంకుకు మించి చెయ్యకండి, పొడి బుట్టలో మూడింట రెండు వంతులు దాటనివ్వకండి, పేపర్ అంచును ముందు తడిపి గోడకు అంటించండి, మూత బాణం గుర్తు ఎదురెదురుగా వచ్చేదాకా తిప్పండి. నీళ్లలో సున్నం ఎక్కువైతే అప్పుడప్పుడూ లీటరు నీళ్లకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి నడిపి, తర్వాత మామూలు నీళ్లతో రెండుసార్లు కడగండి. ఎప్పుడైనా బుట్ట పొంగడం మొదలైతే కంగారులో జగ్గు లాగొద్దు, బుట్ట మూత అసలు తియ్యొద్దు, లోపలున్నది కాలే నీళ్లు. గోడ దగ్గర స్విచ్ ఆపేసి, దిగేది దిగనిచ్చి, చల్లారాకే చెయ్యి పెట్టండి.