2 జీబీ చిట్టి ల్యాప్‌టాప్: విండోసే ఉంచాలా, లినక్స్ ఎక్కించాలా?

మా మేనకోడలు ఈ ఏడే డిగ్రీలో చేరింది. వాళ్ల నాన్న ఎప్పుడో కొని అటక మీద పడేసిన 11.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "మామా, ఇది ఆన్ అయ్యే లోపల అలిపిరిలో బయల్దేరి గాలిగోపురం కాడికి ఎక్కేయొచ్చు. ఏమన్నా చెయ్యి" అనింది.

చూస్తే 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ (హార్డ్‌డిస్క్ బదులు ఫైళ్లు దాచే చిప్). రెండూ బోర్డుకు టంకం వేసి ఉన్నవే, కాబట్టి పెంచే దారి లేదు. ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి.

విండోస్ 10 అలాగే ఉంచితే? 32 జీబీ అని అచ్చేసినా మనకు కనబడేది 29 జీబీ చిల్లర. విండోస్, దాని పాత అప్‌డేట్ల చెత్త కలిసి అందులో సింహభాగం తినేశాయి. కొత్త అప్‌డేట్ వచ్చిందంటే "చోటు లేదు" అని ఒకటే పోరు. పైగా విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తారు, అంతే. విండోస్ 11కి పోదామంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. మన దగ్గర మూడూ లేవు.

అలాగని అందరికీ విండోస్ తీసేసి లినక్స్ (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) వేసుకోమని చెప్పను. బస్టాండు దగ్గర డీటీపీ షాపు నడిపే స్నేహితుడి దగ్గరా ఇలాంటి బుల్లి మెషినే ఉంది. "నాకూ లినక్స్ వేసి పెట్టన్నా" అన్నాడు. వద్దన్నాను. వాడి పెళ్లిపత్రికలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కావు. ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే "శుభలేఖ" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడతాయి. పదేళ్ల ఫైళ్లు అలా అయిపోతే వాడి పొట్ట మీద కొట్టినట్టే. వాడికి నేను చెప్పింది ఒకటే: విండోసే ఉంచుకో, నెట్ పీకేసి డిజైన్‌కు మాత్రం వాడుకో.

పాత కంప్యూటర్ల కోసం గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గురించి చాలామంది అడుగుతుంటారు. ఉచితమే. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. కానీ కనీసం 4 జీబీ ర్యామ్ అడుగుతుంది. క్రోమ్‌బుక్‌లో ఉన్నట్టు ప్లే స్టోర్ ఇందులో ఉండదు, ఆండ్రాయిడ్ యాప్‌లు రావు. గూగుల్ ఖాతా, నెట్ రెండూ ఉంటేనే దానికి అందం. మా పక్కింటి పెద్దాయన 4 జీబీ మెషిన్‌లో వేసిచ్చాను. యూట్యూబ్, బ్యాంకు, మనవడితో వీడియో కాల్ తప్ప ఆయనకు వేరే పని లేదు, కాబట్టి హాయిగా ఉన్నాడు. మేనకోడలి మెషిన్ 2 జీబీ కాబట్టి ఈ మాట ఇక్కడితో సరి.

ఇక మిగిలింది లినక్స్. అందులో చాలా రకాలున్నాయి, మూడు చూశాను. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ చూడ్డానికి విండోస్‌లా ఉంటుంది, కొత్తవాళ్లు తడబడరు. 2 జీబీ చాలంటారు గానీ వాళ్లే 4 ఉంటే మేలని చెప్తారు. నా అనుభవమూ అదే, 4 ఉంటే కళ్లు మూసుకుని మింట్ వేసుకోండి. లుబుంటు అంతకన్నా తేలిక. దాంట్లో నాకు నచ్చనిది ఒక్కటే: ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ స్నాప్ (కావలసినవన్నీ ఒకే మూటగా కట్టిన ప్యాకేజీ) రూపంలో వస్తుంది. ఈఎంఎంసీ మీద మొదటిసారి తెరుచుకోవడానికి టీ పెట్టుకునేంత సేపు పట్టింది, చోటూ ఎక్కువే తినింది.

చివరికి మూడోదైన డెబియన్ 13 మీద ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేశాను. ఇలాంటి చౌక మెషిన్లలో ఒక తిరకాసు ఉంది. ప్రాసెసర్ 64 బిట్‌దే అయినా లోపలి యూఈఎఫ్ఐ (ఆన్ చెయ్యగానే ఓఎస్‌ను లేపే ప్రోగ్రామ్) 32 బిట్‌ది. అందుకే ఓఎస్ ఎక్కించడానికి పెట్టే చాలా పెన్‌డ్రైవ్‌లు బూట్ మెనూలో కనబడను కూడా కనబడవు, మనమేమో పెన్‌డ్రైవ్ పాడైందనుకుంటాం. డెబియన్ ఇన్‌స్టాలర్‌కు 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచే ఈ సంగతి తెలుసు. వైఫై చిప్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) కూడా దాంట్లోనే వచ్చేసింది. స్పీకర్ మాత్రం మూగపోయింది. గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, సౌండ్ అంతా లేని హెచ్‌డీఎంఐ టీవీకి పోతోందని. సెట్టింగ్ మారిస్తే పలికింది.

ఏమీ తెరవకముందు ర్యామ్ వాడకం 450 ఎంబీ దగ్గర నిలబడింది. జడ్‌ర్యామ్ పెట్టాను. ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించి అందులోనే చోటు చేసే ఏర్పాటు అది, 2 జీబీ వాళ్లకు తప్పనిసరి. తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే సాధనంలో ఎం17ఎన్ కీబోర్డులు చాలు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేది) రెండూ ఉన్నాయి.

అయినా ఏ ఓఎస్ వేసినా వెబ్ పేజీ బరువు తగ్గదు. రెండు మూడు ట్యాబులైతే సాఫీగా పోతుంది, ఆరో ట్యాబుకు ఆయాసం మొదలవుతుంది. నోట్స్ రాసుకోడానికి లిబ్రే ఆఫీస్, పీడీఎఫ్‌లు, పాఠాల వీడియోలు, వీటికి ఢోకా లేదు. మొన్న మేనకోడలు బెంగళూరు చుట్టాలకు 300 రూపాయల దర్శనం టికెట్లు కూడా దీంట్లోనే బుక్ చేసిందట. తిరుపతిలో ఉన్నాక ఆ పని ఎవరికి తప్పుతుంది!

ఆదివారం బావ వచ్చి చూశాడు. మూత తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. "బానే ఉండాదే! దీంట్లో ట్యాలీ ఎక్కుతాదా?"

ఎక్కదు బావా అన్నాను.