హెరిఫర్డ్‌లో ఎర్రదీపం వెలిగిన సాయంత్రం

ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్ కెథడ్రల్‌కు, అంటే అక్కడి బిషప్ పీఠమున్న పెద్ద చర్చికి, సాయంకాల ఆరాధన వినడానికి వెళ్ళి మంగళవారం మేము ఒక స్తంభం వెనక కూర్చున్నాం. నార్మన్ల కాలం నాటి గుండ్రటి రాతిస్తంభం, నలుగురు చేతులు కలిపితే గానీ చుట్టు రాదు. ఆరాధన మొదలయ్యే ముందు చివరి నిమిషంలో వెళ్తే అలాంటి చోటే దొరుకుతుంది. బుధవారం మాత్రం గంటన్నర ముందే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాం, ఎందుకంటే ఆ రోజు ఆరాధన బీబీసీ రేడియో 3లో లైవ్.

ఇంత పట్టింపు ఎందుకంటే, మాది దోర్నకల్. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అజరయ్య గారు 1912 నుంచి బిషప్‌గా ఉన్న ఊరు. గుమ్మటాలూ, మినార్ల వంటి బురుజులూ, గుడి మంటపాన్ని తలపించే స్తంభాలూ కలిసిన మా ఎపిఫనీ కెథడ్రల్ 1939లో పూర్తయింది. అక్కడ చిన్నప్పుడు సాయంకాల ప్రార్థనలో బైబిల్లోని మరియ స్తుతిగీతం, ముసలి సుమెయోను పాట తెలుగులో పాడుతూ పెరిగాం. ఆ రెండు పాటలే ఇంగ్లండ్‌లో ఈవెన్‌సాంగ్ అనే సాయంకాల ప్రార్థనకు కూడా గుండెకాయ. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది కాబట్టి, ఈసారి వెళ్ళినప్పుడు ఆ ప్రార్థన పుట్టిన చోట వినాలని నేనూ మా ఆవిడా ముందే అనుకున్నాం.

హెరిఫర్డ్, గ్లోస్టర్, వూస్టర్. పక్కపక్కనే ఉన్న ఈ మూడు ఊళ్ళ కెథడ్రల్ క్వయర్లు, అంటే గాయక బృందాలు, ఏటా వేసవిలో ఒకచోట చేరి వారం రోజులు పాడతాయి. దీన్ని త్రీ క్వయర్స్ ఫెస్టివల్ అంటారు. మూడు వందల ఏళ్ళు దాటిన పండుగ ఇది. 2015లో మూడు శతాబ్దాల వేడుక కూడా హెరిఫర్డ్‌లోనే జరిగింది. రాత్రి కచేరీలకు టికెట్లు కొనాలి. సాయంత్రం మూడు క్వయర్లూ కలిసి పాడే ఆరాధనకు మాత్రం టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. డబ్బు చూసుకుని ప్రయాణం చేసేవాళ్ళకు ఇంతకంటే పెద్ద వరం లేదని నా అభిప్రాయం.

బర్మింగ్‌హామ్ నుంచి హెరిఫర్డ్‌కు నేరుగా రైలుంది, గంటన్నర ప్రయాణం. వూస్టర్ దాటాక మాల్వర్న్ కొండలు వస్తాయి. కుడివైపు, ఎడమవైపు అని చూసుకోనక్కర్లేదు, కిటికీ దొరికితే చాలు. హెరిఫర్డ్ స్టేషన్ నుంచి కెథడ్రల్‌కు పావుగంట నడక. సామాన్లు ఎక్కువుంటే టాక్సీ ముందే చెప్పుకోవాలి, సాయంత్రం రైలు దిగినవాళ్ళందరికీ అక్కడ బండ్లు సరిపోలేదు.

బస విషయంలో మేము పొరపాటు పడ్డాం. పండుగ వారంలో కెథడ్రల్ చుట్టుపక్కల గదులు ఎప్పుడో నెలల ముందే అయిపోతాయట. మేము ఆరు వారాల ముందు వెతికితే వై నది అవతల ఒక బీ అండ్ బీ (గదీ, పొద్దున టిఫినూ ఇచ్చే ఇల్లు) దొరికింది. గది మూడో అంతస్తులో, పైకప్పు కిందే. మెట్లు ఇరుకు, లిఫ్టు లేదు, మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. బుక్ చేసేటప్పుడు ఆ సంగతి రాశాం, అయినా కింద గది ఇవ్వలేదు. జూలై చివరి ఎండకు ఆ గది రాత్రి పదింటికి కూడా ఉక్కపోసింది. ఫ్యాన్ అడిగితే రెండో రోజు తెచ్చిచ్చారు. పొద్దున టిఫిన్ మాత్రం బాగుండేది. గుడ్లు తినని రోజు పుట్టగొడుగులు, టమాటా, బీన్స్ వేడివేడిగా వండి పెట్టారు. అక్కడి నుంచి ఊళ్ళోకి వెళ్ళాలంటే 1490 నాటి రాతివంతెన దాటాలి. వంతెన మధ్యలో నిలబడితే నీళ్ళ మీద చెట్లు, చెట్ల పైన కెథడ్రల్ గోపురం కనబడతాయి. ఆ దారి కోసం మెట్ల బాధ సగం క్షమించాను. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు మాత్రం ఆ గది వద్దనే చెబుతాను. స్టేషన్ దగ్గర లిఫ్టున్న హోటళ్ళు ఉన్నాయి, వాటిలో అందం తక్కువ, సుఖం ఎక్కువ.

తిండి సంగతి ముందే తెలుసుకుని వెళ్ళాలి. సాయంత్రం ఐదు దాటితే కేఫ్‌లు మూసేస్తారు. ఆరాధన ముగిసి, రాత్రి కచేరీ మొదలయ్యేలోపు వందలమంది ఒకేసారి తిండి కోసం బయటపడతారు. మంగళవారం ఒక రెస్టారెంట్‌లో గంటసేపు కూర్చున్నా ఆర్డర్ రాక, లేచి వచ్చేశాం. బుధవారం మా ఆవిడ తెలివిగా మధ్యాహ్నమే బజార్లో రొట్టె, చీజ్, స్ట్రాబెర్రీలు కొనిపెట్టింది. అమ్మాయి కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర సోమవారంతోనే అయిపోయింది మరి. కెథడ్రల్ బయట గడ్డి మీద కూర్చుని తిన్నాం. పక్కనే సంగీతకర్త ఎల్గర్ విగ్రహం, సైకిల్ ఆనించుకుని గుడి వంక చూస్తూ. ఆయన 1904 నుంచి 1911 దాకా ఈ ఊళ్ళోనే ఉన్నారు.

ఇక బుధవారం. బయట ప్రసారం బండి ఆగి ఉంది, నల్లటి కేబుళ్ళు తలుపు కిందనుంచి లోపలికి పాకాయి. లోపల ఎత్తయిన స్టాండ్ల మీద మైకులు. వాలంటీర్లు అందరూ రిటైరైన పెద్దవాళ్ళు. మా ఆవిడ నడక చూసి, అడక్కుండానే ఒకావిడ వచ్చి, గాయకులకు దగ్గరగా నడవా పక్కన కుర్చీలు చూపించింది. ఆ ఊళ్ళో మాకు దొరికిన సేవల్లో మొదటి మార్కు వీళ్ళకే వేస్తాను. కుర్చీలు మాత్రం గట్టివి. అనుభవమున్నవాళ్ళు ఇళ్ళనుంచి చిన్న దిండ్లు తెచ్చుకున్నారు, మీరూ తీసుకెళ్ళండి. ఆ రోజు ఆరాధన రేడియో వేళ ప్రకారం నడుస్తుంది. మిగతా రోజుల సమయం అనుకుని వెళ్తే తలుపు మూసి ఉంటుంది.

ముందుగా ఒకాయన వచ్చి ఫోన్లు ఆపమన్నారు, ఆఖర్లో అందరం పాడాల్సిన కీర్తన ఒకసారి పాడించి చూశారు. ఆ తర్వాత ఒక రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. అంత పెద్ద కట్టడంలో అంతమంది దగ్గు కూడా ఆపుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు టెన్షన్‌గా అనిపించింది, నేనే పాడాలేమో అన్నంత. ప్రసారం మొదలైందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. 1926 అక్టోబర్ 7న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చి నుంచి మొదలైన ఈ వారంవారీ ప్రసారంలో ఇది ఇంకో బుధవారం.

క్వయర్ రెండు పక్షాలుగా ఎదురెదురుగా నిలబడుతుంది. ఒక పక్షం ఒక చరణం అంటే, ఎదుటి పక్షం తర్వాతి చరణం అందుకుంటుంది. నా ఉద్దేశంలో ఈవెన్‌సాంగ్‌లో అన్నిటికన్నా కష్టమైనవి దావీదు కీర్తనలే. 1662 నాటి ప్రార్థనా పుస్తకం నెల రోజుల్లో 150 కీర్తనలూ పూర్తయ్యేలా పొద్దునకీ సాయంత్రానికీ వాటిని పంచిపెట్టింది. వాటికి తాళం లేదు. ఒకే స్వరం మీద మాటలన్నీ మాట్లాడినంత సహజంగా పాడుకుంటూ పోయి, చరణం చివర స్వరం మార్చాలి. ఎక్కడ ఊపిరి తీయాలి, ఏ మాట మీద ఆగాలి అనేది ఒక్కో కెథడ్రల్‌లో ఒక్కో అలవాటు. మూడు గుళ్ళ పిల్లలూ పెద్దలూ ఏడాదంతా వేర్వేరుగా పాడి, ఈ కొద్ది రోజుల్లో ఒక్క ఊపిరికి రావాలి. చరణం చివర 'స్' అనే అక్షరం వస్తే అది మూడుసార్లు వినబడుతుందేమోనని నేను చెవి ఒగ్గి కూర్చున్నాను. ఒక్కసారే వినబడింది. ఆ అక్షరం ఆగాక, స్వరం రాతికప్పు కింద ఇంకా తిరుగుతూనే ఉంది. అది సన్నగిల్లేదాకా ఎదుటి పక్షం ఆగి, అప్పుడు అందుకుంది.

మరియ స్తుతిగీతం మొదలైనప్పుడు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మాట ఇంగ్లీషు, బాణీ మాకు తెలియనిది. అయినా బలవంతులను సింహాసనాల మీదనుంచి దించేశాడనే చోటుకు వచ్చేసరికి మగగొంతులు ఒక్కసారిగా లేచాయి, ఆ చరణం ఏదో ఇద్దరికీ తెలిసిపోయింది. సుమెయోను పాట దానికి పూర్తిగా వేరు. మా ఊళ్ళో చీకటిపడే వేళ పాడేవాళ్ళం, ఇక్కడ బయట ఎండ కాస్తూనే ఉంది.

మంగళవారం స్తంభం వెనక మాటలు సగం అందలేదు. బుధవారం ప్రతి అక్షరం తెలిసింది. కాబట్టి కీర్తనల కోసమైతే దగ్గరగా కూర్చోండి. కానీ ఆఖర్న వాయించే ఆర్గన్ మాత్రం స్తంభం వెనకే ఎక్కువ నచ్చింది నాకు. 1892 నాటి విల్లిస్ ఆర్గన్ అది. దగ్గర్లో దాని శబ్దం మనమీద పడుతుంది, దూరంగా ఉంటే గోడలన్నిటినుంచీ వస్తుంది.

గురువారం పొద్దున మాప్పా ముండి చూశాం. కెథడ్రల్‌లోకి ప్రవేశం ఉచితమే గానీ దీనికి టికెట్ ఉంది. 1300 ప్రాంతంలో ఒకే తోలు మీద గీసిన ప్రపంచ పటం. తూర్పు పైన, యెరూషలేము నడిమధ్య. పైభాగంలో ఇండియా, అక్కడే వీపు మీద బురుజు మోస్తున్న ఏనుగు. పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టి ఉంచిన గొలుసుల గ్రంథాలయం కూడా ఆ టికెట్‌లోనే. ఇవ్వదగ్గ డబ్బే.

గ్లోస్టర్‌కు నేరుగా రైలు లేదు. రాస్-ఆన్-వై మీదుగా బస్సులో వెళ్ళాం, తాపీ ప్రయాణం. కట్టడం మాటకొస్తే మూడింటిలో నా ఓటు గ్లోస్టర్‌కే. దాని వసారా పైకప్పు రాతితో విప్పిన విసనకర్రల వరుసలా ఉంటుంది. అక్కడ ఒక చిన్న చిక్కు విడింది. రెండు వారాల ముందు వూస్టర్‌లో మామూలు రోజు ఈవెన్‌సాంగ్‌కు వెళ్ళాం. ముప్ఫైమంది కూడా లేరు, గాయకుల పక్క బెంచీల్లోనే కూర్చోబెట్టారు. సంగీతకర్త హర్బర్ట్ హౌవెల్స్ 1946లో గ్లోస్టర్ కోసం రాసిన బాణీ ఆ రోజు పాడారు. నాకు అది సాగదీసినట్టుగా అనిపించింది. గ్లోస్టర్‌లో నిలబడి పిల్లాడెవడో అరిచిన ఒక్క కేక ఎంతసేపు తిరిగిందో విన్నాక, ఆయన ఆ ఖాళీలు ఎందుకు వదిలాడో తెలిసింది. హౌవెల్స్ ఈ గుడిలోనే శిష్యరికం చేశాడు. 1910 సెప్టెంబర్ 6న వాన్ విలియమ్స్ అనే సంగీతకర్త రాసిన టాలిస్ ఫాంటసియా మొదటిసారి ఇక్కడ వినిపించినప్పుడు పదిహేడేళ్ళ కుర్రాడిగా కూర్చుని విన్నాడు. ఆ రాత్రి స్నేహితుడు గర్నీతో కలిసి నిద్ర పట్టక ఊరి వీధులు తిరిగాడట.

ఒక జాగ్రత్త. ఆగస్టులో కెథడ్రల్ సొంత క్వయర్లు సెలవులో ఉంటాయి, బయటి బృందాలు వచ్చి పాడతాయి. సొంత గొంతులు కావాలంటే బడులు నడిచే రోజుల్లో గానీ, ఈ పండుగ వారంలో గానీ వెళ్ళాలి.

ఆదివారం మధ్యాహ్నం ఆ ప్రసారమే మళ్ళీ వేశారు. అమ్మాయి వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ రేడియో పెట్టింది. మాటలు అక్కడికన్నా స్పష్టంగా ఉన్నాయి, పిల్లల గొంతులు చెవి పక్కనే. కానీ చరణానికీ చరణానికీ మధ్య ఆ తిరుగుడు పొట్టిదైపోయింది. "ఏమండీ, అక్కడ ఇంకా ఆగారు కదా" అంది మా ఆవిడ. అక్కడా ఇంతే ఆగారు, గడియారం అదే. గోడలు లేవు, అంతే తేడా. ఆఖరి కీర్తనకు మా ఆవిడ స్టవ్ దగ్గర నిలబడి మళ్ళీ పాడింది.

ఈ పండుగ మూడు ఊళ్ళలో వంతులవారీగా జరుగుతుంది, హెరిఫర్డ్ తర్వాత వంతు గ్లోస్టర్‌ది. కెథడ్రల్‌కు దగ్గర్లో కింది అంతస్తు గది ఉందేమోనని అమ్మాయి అప్పుడే వెతకడం మొదలుపెట్టింది.