పొదగడం రాని పెట్ట: ఐదేళ్ల వనరాజ పెంపకం

వనరాజ కోడి మీద మా ఇంట్లో ఒక్క మాట లేదు. నేను మంచి కోడంటాను. మా అత్తమ్మ ‘మెత్తకోడి’ అంటుంది. 2020 వానాకాలంలో మొదటి పాతిక పిల్లలను తెచ్చిన రోజు మొదలైన ఈ పంచాయితీ ఇంకా తెగలేదు. ఇప్పటికి నాలుగు దఫాలు పెంచాను. అందులో ఒకసారి మోసపోయాను కూడా. కొత్తగా తెచ్చుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని నచ్చినవీ నచ్చనివీ రాస్తున్నాను.

మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇంటెనక నాలుగు గుంటల దొడ్డి, ఒక పెంటకుప్ప, రెండు వేపచెట్లు, ఓ నిమ్మచెట్టు. అత్తమ్మకు ఎప్పుడూ ఐదారు ఊరకోళ్లు ఉండేవి గానీ గుడ్డు మాత్రం పొయ్యి దాకా వచ్చేది కాదు. పెట్ట పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు లేవదు. ఆ తర్వాత పిల్లలను వెంటేసుకుని రెండు నెలలు తిరుగుతుంది. ఏడాది మొత్తం మీద యాభై, అరవై గుడ్లొస్తే గొప్ప. వనరాజను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఇలాంటి పెరళ్ల కోసమే తయారుచేసింది, గుడ్లకూ కూరకూ రెంటికీ. ఒక్క గుడ్లే కావాలంటే అదే సంస్థ గ్రామప్రియ ఉంది, అది ఇంకా ఎక్కువ పెడుతుంది. మాకు పుంజులు అమ్ముకునేది కూడా ఉండాలి కాబట్టి ఇటు వచ్చాం.

‘గట్టి రకం, దానంతటదే బతుకుతుంది’ అని చెప్పేవాళ్లు మొదటి ఆరు వారాల సంగతి చెప్పరు. తల్లి లేని పిల్లలవి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి, వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. నేను గంప కింద వంద వాట్ల బల్బు వేలాడదీసి, కింద వరి ఊక పరిచాను. థర్మామీటర్ కొన్నాను గానీ పిల్లలే నయం. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, గంప అంచులకు అతుక్కుని నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. మూడో రాత్రి కరెంటు పోయింది. పిల్లలను అట్టపెట్టెలో వేసి, వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టి తెల్లవార్లూ కూర్చున్నాను. పాతికలో మూడు పోయాయి, చలికి కాదు, ఎలుకకు.

ఆరు వారాలు దాటి దొడ్లో వదిలాక నిజంగానే పని తగ్గుతుంది. పొద్దున వదిలితే పెంటకుప్ప మీద మొదలుపెట్టి మక్కచేను గట్టు దాకా పోయి గింజ, గడ్డి, చెదలు, పురుగు ఏరుకుంటాయి. సాయంత్రం గుప్పెడు నూకలు చల్లితే చాలు. ఈ విషయంలో ఊరకోడికి తీసిపోదు.

ఇక గుణం. ఇంత సాధువైన కోడిని నేను చూడలేదు. ఊరకోడిని పట్టాలంటే ఇద్దరు మనుషులు, ఒక గంప కావాలి. వనరాజ పెట్టను వంగి ఎత్తుకోవచ్చు. నేను గిన్నెలు కడుగుతుంటే ఒక ఎర్రపెట్ట వచ్చి నా పాదం మీద కూర్చునేది, అంత బరువూ వేసి, కళ్లు మూసుకుని. పుంజులు ఒకదాన్నొకటి తరుముతాయి, మెడ ఈకలు లేపుతాయి, రెండు పోట్లు పొడుచుకుంటాయి, అంతే. పసిపిల్లల మీదికి ఉరికిన పుంజు మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. అత్తమ్మ పాత ఊరపుంజు మాత్రం ఈ బరువైన పుంజులన్నిటినీ మూలకు నెట్టి నూకలు తినేది. దానికంటే కిలో ఎక్కువ బరువున్నవి పక్కకు జరిగి నిలబడేవి. మెత్తకోడి అనే పేరు ఆ రోజు పడిందే.

ఆ మెత్తదనమే గద్ద వచ్చినప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. రంగురంగుల ఈకల వల్ల శత్రువుకు తొందరగా కనబడదని, పొడుగు కాళ్ల వల్ల వేగంగా ఉరుకుతుందని చెబుతారు. కాళ్లు పొడుగే, కాదనను. కానీ నీడ పడగానే ఊరపెట్ట గొంతులో ఒక చిన్న గరగర చేస్తుంది, పిల్లలు నిమ్మచెట్టు కింద మాయమైపోతాయి. నా వనరాజ పిల్లలు మెడ వంచి ఒంటి కన్నుతో ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాయి. ఒకటి పోయింది. “నీ కోడికి మీదికి చూసుడు తెలుసు గని ఉరుకుడు తెల్వది బిడ్డా” అంది అత్తమ్మ. నేర్పే తల్లి లేకపోతే ఎట్లా తెలుస్తుందని నేననుకున్నాను, పైకి అనలేదు. రాత్రిళ్లు చెట్టెక్కడం కూడా వీటికి చేతకాదు. గూట్లో అడుగున్నర ఎత్తులో ఒక కర్ర కట్టాను. ఎత్తు ఎక్కువైతే దూకినప్పుడు బరువుకు అరికాళ్లు వాస్తాయి. తలుపు మాత్రం గట్టిగా ఉండాలి, కుక్క వస్తే ఇవి చేసేది ఏమీ లేదు.

గుడ్లు ఆరు నెలలకు మొదలయ్యాయి. లేత గోధుమ రంగు, మొదట చిన్నవి, పోను పోను 55 గ్రాముల దాకా వచ్చాయి, కిరాణా కొట్టు త్రాసు మీద తూచి చూశాను. క్యాలెండర్ మీద గీతలు పెట్టి లెక్కేస్తే మొదటి దఫాలో పెట్టకు ఏడాదికి నూటపది దాకా పడ్డాయి. రెండో ఏడు నేనే చెడగొట్టాను. మక్కలు బాగా వచ్చాయి కదా అని పొద్దునా సాయంత్రం దోసిళ్లతో పోశాను. పెట్టలు బాతుల్లా ఊగుతూ నడిచాయి, గుడ్లు సగానికి పడ్డాయి. కోసినప్పుడు కడుపు నిండా పచ్చటి కొవ్వు. ఈ కోడికి మేత పెట్టడం కంటే పెట్టకుండా ఉండడం కష్టం, గిన్నె చప్పుడైతే చాలు, ఇంట్లోకి వచ్చేస్తాయి.

మోసం సంగతి మూడో దఫాలో. ఇంటి ముందుకు బండి మీద వచ్చినాయన వనరాజ పిల్లలంటే నమ్మి ముప్పై తీసుకున్నాను. ఎర్రగా, గోధుమగా బాగానే ఉన్నాయి. యాభై రోజులకు ఒక్కోటి కిలోన్నర దాటింది. సంబరపడ్డాం. ఆ తర్వాత తిన్న చోటు నుంచి లేవవు, కాళ్లు బరువు మోయవు. రంగు బ్రాయిలర్లవి. అసలు వనరాజ పిల్ల ఆరు వారాలకు ముప్పావు కిలో అటు ఇటుగా ఉంటుంది, అంతకంటే వేగంగా పెరిగితే అనుమానించాలి. ఎక్కడ పొదిగించారో చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి.

ఇక రోగాలు. కొక్కెర తెగులు వస్తే గట్టి రకమూ మెత్త రకమూ ఉండదు, ఊరకోళ్లతో పాటే ఊడ్చుకుపోతుంది. వారం రోజులకు ఆ తెగులుకు లసోటా టీకా చుక్కలు, రెండు వారాలకు గంబోరో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిది వారాలు దాటాక కొక్కెరకే ఆర్‌2బి సూది. చిక్కేమిటంటే టీకా సీసా నూరు కోళ్లకు వస్తుంది, కలిపాక దాచిపెట్టుకోవడానికి లేదు. అందుకని మా వాడకట్టులో ఐదిళ్ల వాళ్లం ఒకే రోజు పెట్టుకుంటాం, వాళ్ల ఊరకోళ్లకు కూడా కలిపి. ఎండాకాలం మాత్రం వీటికి గండమే. 44 డిగ్రీలు దాటిన రోజుల్లో ఊరకోళ్లు నీడకు పోయి గమ్మున ఉంటే, ఇవి రెక్కలు దించి, నోళ్లు తెరిచి ఆయాసపడతాయి. గూటికి తడి గోనెసంచులు కట్టాను. మే నెలంతా గుడ్లు అంతంత మాత్రమే.

అమ్మకం దగ్గర ఆశ కొంచెం తగ్గించుకోవాలి. ఊరకోడి ధర రాదు. 2024 మేడారం జాతరకు ముందు అంగట్లో ఎనిమిది పుంజులు పెట్టాను. సమ్మక్క తల్లికి ఎదురుకోళ్ల మొక్కు కోసం వచ్చినవాళ్లు రంగు చూసి దగ్గరికి వచ్చారు, కాళ్ల లావు పట్టి చూసి పక్క గంపకు పోయారు. ఆరింటిని కూరకు కొన్నారు, రెండు ఇంటికి తెచ్చుకున్నాం. రుచి బ్రాయిలర్ కంటే ఎన్నో మెట్లు పైన, ఊరకోడి కంటే ఒక మెట్టు కింద. ముక్క గట్టిగానే ఉంటుంది గానీ పులుసుకు ఆ చిక్కదనం రాదు. జొన్నరొట్టెతో తింటూ అత్తమ్మ “కోడే గని మనది కాదు” అంది, రెండోసారి వేయించుకుంది.

అందరూ అడిగేది, మన దగ్గరే పిల్లలు తీయొచ్చు కదా అని. వనరాజ పొదగదు. పొదుగుకు కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి కాబట్టి ఆ గుణం లేకుండానే తయారుచేశారు. నేను మొండిగా తొమ్మిది గుడ్లు ఊరపెట్ట కింద పెట్టి చూశాను. ఏడు పిల్లలొచ్చాయి, ఒకటి తల్లంత, ఒకటి పావురమంత, గుడ్లు కూడా ఒక్కోదానికి ఒక్కో లెక్క. రెండు వేరువేరు వంశాలను కలిపి తీసిన కోడి ఇది, ఆ కలయిక బలం తర్వాతి తరానికి అట్లాగే దిగదు. కాబట్టి ఏడాదిన్నర అయ్యేసరికి మళ్లీ కొత్త పిల్లలను కొనాల్సిందే. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

నాలుగో దఫాకు బల్బు పెట్టలేదు. పొదుగు మీద కూర్చున్న అత్తమ్మ నల్లపెట్ట కిందికి చీకట్లో పది ఒకరోజు పిల్లలను ఒక్కొక్కటిగా దూర్చి, గుడ్లు తీసేశాం. తెల్లారేసరికి వాటిని తనవే అనుకుంది. ఈసారి గద్ద నీడ పడితే అన్నీ నిమ్మచెట్టు కిందికి ఉరికాయి. రెండు నెలలు నిండేసరికి పిల్లలు తల్లికంటే ఎత్తయ్యాయి. అయినా పొద్దుగూకగానే పదీ దాని రెక్కల కిందికే తలలు దూర్చేవి. పాపం నల్లపెట్ట కాళ్లు నేలకు ఆనక, వాటి వీపుల మీద ఒరిగి నిద్రపోయేది.