వరద జోన్‌లో ఇంటికి ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ: గోడలకు భరోసా, సామానుకు సగం సగం

అమెరికాలో మనం కొనబోయే ఇల్లు ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) వరద పటంలో ‘ఎ’ లేదా ‘వి’ అక్షరంతో మొదలయ్యే జోన్‌లో ఉంటే, ఫెడరల్ మద్దతు ఉన్న ఇంటి రుణానికి వరద బీమా తప్పనిసరి. మామూలు హోమ్ ఓనర్స్ పాలసీ అగ్నిప్రమాదానికీ, దొంగతనానికీ, పెనుగాలికీ పనికొస్తుంది కానీ వరద నష్టాన్ని అది మొదటే మినహాయిస్తుంది. అందువల్ల 1968 నాటి చట్టంతో ఏర్పడిన జాతీయ వరద బీమా కార్యక్రమం, అంటే ఎన్‌ఎఫ్‌ఐపీ, ఇచ్చే పాలసీ వైపే చాలామంది వెళతారు. ఆ జోన్లలో ఏటా వరద వచ్చే అవకాశం కనీసం 1 శాతమని చెబితే చిన్నదిగానే వినిపిస్తుంది. 30 ఏళ్ల రుణకాలం మొత్తానికి లెక్కవేస్తే అదే దాదాపు 26 శాతం అవుతుంది. కనుక పాలసీ అవసరమా అన్న చర్చ నాకు అనవసరం అనిపిస్తుంది. అది ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు అన్నదే చూడవలసిన విషయం.

ధర గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఈ పాలసీని వేర్వేరు బీమా కంపెనీలు తమ పేర్లతో అమ్ముతున్నా, రేటూ నిబంధనలూ ప్రభుత్వం నిర్ణయించినవే కాబట్టి, పది మంది ఏజెంట్లను అడిగినా అదే ఇంటికి అదే ప్రీమియం వస్తుంది. 2021 అక్టోబరులో మొదలైన కొత్త రేటింగ్ పద్ధతి జోన్ అక్షరాన్ని పక్కనపెట్టి, నీటికి ఇల్లు ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది, తిరిగి కట్టడానికి ఎంత ఖర్చవుతుంది అన్నవి చూస్తుంది. సొంతంగా నివసించే ఇళ్లలో చాలావాటికి ప్రీమియం ఏడాదికి 18 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి ఉండడం దీనిలోని మంచి గుణం.

ఒక కుటుంబం ఉండే ఇంటికి కట్టడం మీద గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాను మీద 1,00,000 డాలర్లు ఇస్తారు. ఈ రెండూ వేర్వేరు కవరేజీలు, వేర్వేరు డిడక్టిబుల్స్ (క్లెయిమ్‌లో ముందుగా మనమే భరించవలసిన మొత్తాలు). రుణం ఇచ్చిన బ్యాంకుకు సాధారణంగా కట్టడం ఒక్కటే ముఖ్యం కాబట్టి, సామాను కవరేజీని మనమే అడిగి తీసుకోకపోతే ఎవరూ గుర్తుచేయకపోవచ్చు. అది తీసుకున్నా, సామానుకు కొత్త వస్తువు ధర ఇవ్వరు. వాడిన ఏళ్లకు తరుగు తీసి మిగిలిన విలువే ఇస్తారు. ఎనిమిదేళ్లు కూర్చున్న సోఫాకు ఎంత వస్తుందో ఊహించుకోవచ్చు.

మన ఇళ్లకు ఈ పాలసీ అసలు పరీక్ష పెట్టేది బేస్‌మెంట్‌లో. ఎంతో ఖర్చుపెట్టి అక్కడ హోమ్ థియేటర్, కార్పెట్, పెద్ద సోఫాలు, చుట్టాలు వస్తే పడుకోవడానికి ఒక గది ఏర్పాటు చేసుకుంటాం. నీళ్లు వచ్చిన రోజున ఫర్నేస్‌కు, వాటర్ హీటర్‌కు, ఎలక్ట్రికల్ ప్యానెల్‌కు డబ్బు వస్తుంది. సామాను కవరేజీ ఉంటే వాషర్‌కు, డ్రయ్యర్‌కు, ఫ్రీజర్‌కు కూడా వస్తుంది. కార్పెట్‌కు రాదు, సోఫాకు రాదు, తెరకూ స్పీకర్లకూ రాదు. అయితే బేస్‌మెంట్ అంటే నాలుగు వైపులా నేలమట్టానికి దిగువన ఉన్నదే అని పాలసీ నిర్వచనం. ఒక వైపు నేలమట్టంలోనే బయటికి నడిచి వెళ్లగలిగే గది ఆ లెక్కలోకి రాకపోవచ్చు కాబట్టి, ఆ సంగతి ఏజెంటు చేత రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది.

ఇక బంగారం. నగలు, వాచీలు, వెండి సామాను, చిత్రపటాలు వంటివన్నీ కలిపి 2,500 డాలర్లకు మించి ఇవ్వరు; నగదుకు అసలు రాదు. పెళ్లినాటి గాజుల జత ఒక్కదానికే ఆ పరిమితి చాలదు, కాబట్టి నగలకు వేరే పాలసీయో బ్యాంకు లాకరో చూసుకోవలసిందే.

నా దృష్టిలో అతి పెద్ద లోపం ఇది కాదు. ఇల్లు బాగుచేసే నెలల్లో హోటల్‌లోనో అద్దె ఇంట్లోనో ఉంటే ఆ ఖర్చులో ఒక్క డాలరు కూడా ఈ పాలసీ భరించదు. అగ్నిప్రమాదం జరిగితే హోమ్ ఓనర్స్ పాలసీ ఈ ఖర్చు ఇస్తుంది కనుక, ఇక్కడా ఇస్తారనే అందరూ అనుకుంటారు. ఒకవైపు ఇంటి రుణం కిస్తీ, మరోవైపు అద్దె కలిసి వచ్చినప్పుడు ఎంత బరువో చెప్పనక్కరలేదు. దెబ్బతిన్న ఇంటిని కొత్త నిబంధనల ప్రకారం ఎత్తు పెంచవలసివస్తే 30,000 డాలర్ల వరకు ఇచ్చే ఏర్పాటు మాత్రం ఉంది, అదీ కట్టడం పరిమితికి లోబడే.

తుఫాను పేరు టీవీలో వినిపించాక కొందామంటే కుదరదు. కొత్త రుణంతో పాటు తీసుకున్నప్పుడు వంటి కొన్ని సందర్భాల్లో తప్ప 30 రోజులు ఆగాలి. క్లెయిమ్ దశలో, నష్టం జరిగిన 60 రోజుల్లోగా సంతకం చేసిన నష్ట వివరాల పత్రం ఇవ్వాలి. అడ్జస్టర్ (నష్టాన్ని అంచనా వేసే బీమా ప్రతినిధి) వచ్చి చూసేలోగా తడిసిన వస్తువులను పారేయవలసివస్తే, ముందుగా ఫొటోలు తీసి, మోడల్ నంబర్లు రాసుకుని, కార్పెట్ నుంచి ఒక ముక్క కత్తిరించి దాచాలి.

ప్రైవేటు వరద పాలసీలు కొన్ని బస ఖర్చునూ, ఎక్కువ పరిమితినీ ఇస్తాయి. అర్హత ప్రమాణాలకు సరిపోతే బ్యాంకులు వాటిని ఒప్పుకోవాలి కూడా. కానీ ఆ కంపెనీ వచ్చే ఏడాది రెన్యూ చేయనంటే, ఎన్‌ఎఫ్‌ఐపీకి తిరిగి వచ్చేసరికి, ఏటా పెంపు పరిమితి వల్ల తక్కువగా ఉన్న పాత రాయితీ ధర పోయి పూర్తి రేటు పడవచ్చు. అందుకే నేను ఈ పాలసీకి ఐదుకు మూడు మార్కులే ఇచ్చినా, దీన్ని వదులుకోమని మాత్రం చెప్పను. వరద జోన్‌లో ఇల్లు కొంటున్నవారు, అమ్మేవారికి ఇప్పటికే ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ ఉందేమో ముందే అడగాలి. వారు అంగీకరిస్తే ఆ పాలసీని రాయితీతో సహా మన పేరుకు మార్చుకోవచ్చు.