చీరల కేటలాగ్ షూట్‌కు ఏది మేలు: గంటల బుకింగా, ఫుల్ డేనా? ఫ్లాషా, ఎల్ఈడీనా?

స్టూడియోకి ఫోన్ చేయగానే అందరూ అడిగేది గంటకు ఎంత అని. ఆ గంటలో మనం ఎన్ని చీరలు తీయగలమో తెలిస్తేనే ఆ రేటు ఎక్కువో తక్కువో తేలుతుంది. అందుకే ముందు చీర లెక్క, తర్వాతే స్టూడియో లెక్క.

కెమెరా ముందు ఒక చీరకు 6 నిమిషాలు చాలు: ముందు, వెనక, పక్క, కూర్చున్న ఫోజు, అంచు క్లోజప్. టైమంతా తినేది కట్టడమే. కొత్త మడత విప్పి, కుచ్చిళ్లు సర్ది, పిన్నులు పెట్టేసరికి 12 నిమిషాలు. మొత్తం చీరకు 18 నిమిషాలు, అంటే 20 చీరలకు 6 గంటలు.

ఇద్దరు మోడల్సా, ప్రీ-ప్లీటింగా?

ఇద్దరు మోడల్స్ ఉంటే ఒకరు కెమెరా ముందు నిలబడినప్పుడు రెండో వారికి చీర కట్టొచ్చు. అయితే కట్టే మనిషి ఒక్కరే కాబట్టి చీరకు 12 నిమిషాల కంటే తగ్గదు. 20 చీరలకు 4 గంటలు. ఒక్క మోడలే ఉన్నా, ముందు రోజే కుచ్చిళ్లూ పైట మడతలూ ఇస్త్రీ చేయించి పిన్నులతో తెచ్చుకుంటే (ఇదే ప్రీ-ప్లీటింగ్) కట్టడం 6 నిమిషాల్లో అయిపోతుంది. తీయడానికి ఇంకో 6. మళ్లీ అవే 4 గంటలు. రెండో మోడల్‌కు ఇచ్చే డబ్బు, ఆమె మేకప్, రెండో సైజు బ్లౌజులు కలిపి చూస్తే ప్రీ-ప్లీటింగ్ చాలా చవక. కేటలాగ్ అంతా ఒకే ముఖంతో ఉండటం కూడా చూడటానికి బాగుంటుంది. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు, ప్రీ-ప్లీటింగే మేలు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. మోడల్ ఎత్తు, నడుము కొలత ప్లీటింగ్ చేసేవాళ్లకు ముందే ఇవ్వాలి. కొలత తప్పితే కుచ్చిళ్లు బొడ్డు దగ్గర కాకుండా పక్కకు వచ్చి కూర్చుంటాయి, అక్కడ విప్పి మళ్లీ కట్టాల్సిందే. రెండోది పైట కొంగు. మడతలు పెట్టి ఇస్త్రీ చేశాక కొంగు పూర్తిగా పరిస్తే నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. పోచంపల్లి, గద్వాల్ లాంటి చీరలు చాలామంది కొంగు చూసే కొంటారు. అందుకే కొంగు ఫొటో ప్లీటింగ్‌కు పంపకముందే, చీరను పరిచి విడిగా తీసి పెట్టుకోవాలి.

గంటలా, హాఫ్ డేనా, ఫుల్ డేనా?

లైట్లు నిలబెట్టి టెస్ట్ షాట్లు తీయడానికి 45 నిమిషాలు, చివర్లో సర్ది అప్పగించడానికి 30 నిమిషాలు వేసుకోండి. ఈ గంటంబావు 4 చీరలు తీసినా పోతుంది, 20 తీసినా పోతుంది. ప్రీ-ప్లీటింగ్‌తో చీరకు 12 నిమిషాల లెక్కన, గంటల బుకింగ్‌లో 4 చీరలు తీస్తే రెండు గంటలు దాటుతుంది, అందులో సగానికి పైగా సర్దుళ్లకే ఖర్చు. 12 చీరలైతే 3 గంటల 39 నిమిషాలు, 4 గంటల హాఫ్ డేలో చక్కగా పడుతుంది. 20 చీరలు అయిదుంబావు గంటలు కాబట్టి హాఫ్ డే తీసుకుంటే ఓవర్‌టైమ్ కట్టక తప్పదు.

12 చీరల వరకు హాఫ్ డే, అంతకు మించినా రీల్స్ కావాలన్నా 8 గంటల ఫుల్ డే. మిగిలిపోయిన రెండు మూడు చీరలకో, రీషూట్‌కో తప్ప గంటల బుకింగ్ గిట్టదు. ఏది తీసుకున్నా మోడల్ మేకప్ వేసుకునే రావాలి. అద్దె నడుస్తుండగా మేకప్‌కు గంట పోతే అయిదు చీరలు పోయినట్టే.

ఫ్లాషా, ఎల్ఈడీనా?

ఫొటోలకు ఫ్లాష్. సాఫ్ట్‌బాక్స్ (లైటును మెత్తబరిచే గుడ్డ పెట్టె) వేసినా ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు) 100, ఎఫ్ (లెన్స్ రంధ్రం సైజు) 8 దగ్గర సరిపడా వెలుగు వస్తుంది కాబట్టి ముందుకు చాచిన కొంగూ వెనకున్న కుచ్చిళ్లూ రెండూ ఫోకస్‌లో ఉంటాయి. మామూలు స్టూడియో ఎల్ఈడీతో అదే ఫొటో తీయాలంటే ఐఎస్ఓ బాగా పెంచాలి, ఫొటోలో నేత మీద చుక్కలు చుక్కలుగా గరుకుదనం వస్తుంది. షటర్ 1/160 సెకను దగ్గర ఉంచండి. కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షటర్ వేగం) దాటితే ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. జరీ మీద చిన్న లైటు నేరుగా పడితే తెల్లగా మండిపోతుంది. పెద్ద సాఫ్ట్‌బాక్స్ 45 డిగ్రీల్లో పెట్టి, పక్క నుంచి ఇంకో లైటు తక్కువ పవర్‌లో రాసుకుంటూ పోయేట్టు పెడితే జరీ మెరుస్తుంది, నేత లేచి కనిపిస్తుంది.

రీల్స్‌కు ఎల్ఈడీ తప్పదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 పెడితే లైట్ల మినుకు రికార్డు కాదు. పైకప్పు ట్యూబ్‌లైట్లు ఆర్పేయండి. నాసిరకం ఎల్ఈడీ కింద ఎరుపు, మెరూన్, రాణి రంగులు చచ్చిపోతాయి, పార్సెల్ విప్పిన కస్టమర్ రంగు వేరే వచ్చిందంటారు. సీఆర్ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న లైట్లే అడగండి. లైటు మార్చిన ప్రతిసారీ గ్రే కార్డుతో (రంగులు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) ఒక ఫ్రేమ్ తీయండి. మంగళగిరి సన్న గళ్ల చీర వీడియోలో అలలు అలలుగా కదిలితే అది మాయిరే అనే కెమెరా భ్రమ, చీర లోపం కాదు. కెమెరా రెండడుగులు ముందుకో వెనక్కో జరిపితే చాలాసార్లు పోతుంది.

చీరకొకసారి ఫ్లాష్ తీసి ఎల్ఈడీ పెట్టడం పెద్ద దండగ. 20 చీరల ఫొటోలు పూర్తి చేసి, భోజనానికి 45 నిమిషాలు తీసేస్తే ఫుల్ డేలో ఇంకా 2 గంటలు ఉంటాయి. లైట్లు మార్చడానికి అరగంట. మిగతా గంటన్నరలో అయిదు మంచి చీరలు మళ్లీ కట్టించి రీల్స్ తీయొచ్చు, చీరకు 18 నిమిషాలు. పొద్దున వాటిని విప్పేటప్పుడే కుచ్చిళ్లు చెదరకుండా పిన్నులు జాగ్రత్త చేయాలి.

కిటికీ వెలుతురు స్టూడియోలు అయిదారు కాటన్ చీరలకు బాగుంటాయి. ఇరవై చీరలకు వద్దు. మబ్బు పట్టినా ఎండ తిరిగినా మొదటి చీర రంగు, చివరి చీర రంగు పొంతన లేకుండా పోతుంది.

అడ్వాన్స్ కట్టే ముందు

గది పొడవు అడగండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 85 ఎంఎం లెన్స్‌తో నిలువుగా మనిషిని పాదాల దాకా తీయాలంటే కెమెరాకు మోడల్‌కు మధ్య 17 అడుగులు, మోడల్ వెనక 6, ఫొటోగ్రాఫర్‌కు 3, మొత్తం 26 అడుగులు కావాలి. 50 ఎంఎం అయితే 19 చాలు. అంతకన్నా చిన్న గదిలో వైడ్ లెన్స్ పెట్టాల్సి వస్తుంది, చాచిన చెయ్యి పెద్దదిగా, ఒళ్లు వంకరగా వస్తుంది.

తెల్ల గోడకు మళ్లీ పెయింట్ ఖర్చు ఎవరిదో, జనరేటర్ డీజిల్ విడిగా కట్టాలో లేదో కూడా ముందే తేల్చుకోండి. బట్టల స్టీమర్ చాలావరకు 1500 వాట్లు దాటుతుంది, 6 ఆంపియర్ల సాకెట్ దాన్ని మోయలేదు. 16 ఆంపియర్ల పాయింట్ ఉందా, అది ఏసీ లైన్‌లోనే ఉందా అని అడగండి. రెండూ ఒకే లైన్‌లో ఉంటే చీర మీద ఆవిరి పట్టగానే ఎంసీబీ పడిపోవచ్చు, ఫ్లాష్‌లు కూడా అదే లైన్‌లో ఉంటే షూట్ అక్కడికి ఆగుతుంది.