వల్కనా, గ్రాఫిటైజ్డ్ కార్బనా, ఆక్సైడా? ఫ్యూయల్ సెల్ సపోర్ట్‌కి ఏది మేలు

పీఈఎం ఫ్యూయల్ సెల్ (సన్నని పాలిమర్ పొరకి అటూ ఇటూ హైడ్రోజన్, గాలి పంపి కరెంట్ తీసేది) ప్రాజెక్ట్ మొదలెట్టిన వాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఇదొక్కటే, "అన్నా, ప్లాటినం దేనిమీద వేస్తే ఎక్కువ కాలం ఆగుతుంది, కార్బన్‌తోనే పోదామా ఆక్సైడ్‌కి మారదామా" అని. ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. సపోర్ట్ అంటే రియాక్షన్ నడిపించే ప్లాటినం కణాల్ని మోసే పొడి, అంతే.

నేను తిరిగి అడిగేది ఒకటే: మీ స్టాక్‌ని (సెల్స్ పేర్చిన దొంతరని) ఎన్నిసార్లు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తారు? చాలామంది ఎన్ని గంటలు నడవాలో చెప్తారు గానీ ఇది చెప్పరు. లెక్క ప్రకారం కార్బన్ నీళ్ళతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అయిపోవడానికి 0.207 వోల్టులు చాలు, అంటే కాథోడ్ (గాలి వైపు ఎలక్ట్రోడ్) 0.6, 0.7 దగ్గర హాయిగా నడుస్తున్నప్పుడు కూడా కార్బన్ పోవాల్సిందే, కాకపోతే ఆ రియాక్షన్ మరీ నత్తనడక కాబట్టి బతికిపోతున్నాం. అసలు దెబ్బ స్టార్టింగ్‌లో పడుతుంది. రాత్రంతా ఆగి ఉంటే యానోడ్‌లోకి (హైడ్రోజన్ వైపుకి) కూడా గాలి చేరుతుంది, పొద్దున హైడ్రోజన్ వదలగానే ఇన్‌లెట్ దగ్గర హైడ్రోజన్, ఔట్‌లెట్ దగ్గర ఇంకా గాలి, ఇలా రెండూ ఒకే సెల్‌లో ఉన్న ఆ కాసేపు గాలి ఉన్న భాగానికి ఎదురుగా ఉన్న కాథోడ్ 1.4, 1.5 వోల్టుల దాకా ఎగబాకుతుంది. అక్కడ నత్తనడకేమీ ఉండదు, కార్బన్ కాలిపోతుంది. ప్లాటినం కణాలు పట్టు వదిలి ఊడిపోవడం ఒక ఎత్తయితే, కాథోడ్ పొర పలచబడి లోపలి రంధ్రాలు కూలిపోవడం ఇంకో ఎత్తు, నీళ్ళు నిలిచిపోయి ఆక్సిజన్ లోపలికి పోదు. తక్కువ కరెంట్ దగ్గర చూస్తే అంతా బానే ఉన్నట్టుంటుంది, లోడ్ పెంచగానే వోల్టేజ్ జారిపోతుంది.

ఇప్పుడు పోలిక. మామూలు కార్బన్ బ్లాక్ పొడుల్లో వల్కన్ ఎక్స్‌సీ-72 సర్ఫేస్ గ్రాముకి దాదాపు 250 చదరపు మీటర్లు, కెట్జెన్‌బ్లాక్ ఈసీ-300జే 800 దాకా. ప్లాటినం సన్నగా పరుచుకోవడానికి ఇవే బాగుంటాయి, మొదటిరోజు పోలరైజేషన్ కర్వ్ (కరెంట్ పెంచేకొద్దీ వోల్టేజ్ ఎంత పడుతుందో చూపే గ్రాఫ్) చూస్తే వీటికే ఓటేస్తారు. కానీ ఎక్కువ సర్ఫేస్, ఎక్కువ డిఫెక్ట్స్ అంటే కాలిపోవడానికి కూడా ఎక్కువ చోటు ఉన్నట్టే.

అదే కార్బన్ బ్లాక్‌ని 2500 డిగ్రీలు దాటించి వేడిచేస్తే పొరలు సర్దుకుని గ్రాఫైట్‌లా అవుతుంది, డిఫెక్ట్స్ తగ్గుతాయి, కరోజన్ (కార్బన్ ఇలా కాలిపోవడం) బాగా నెమ్మదిస్తుంది. సీవీ (వోల్టేజ్‌ని పైకీ కిందకీ తిప్పుతూ కరెంట్ కొలిచే టెస్ట్) తీస్తే మీకే కనిపిస్తుంది, మామూలు వల్కన్‌ని హై వోల్టేజ్ సైకిల్స్‌లో తిప్పాక 0.6 వోల్టుల చుట్టుపక్కల కార్బన్ ఆక్సిడైజ్ అయిందని చెప్పే క్వినోన్ బొడిపె లేస్తుంది, గ్రాఫిటైజ్డ్ దాంట్లో అది పెద్దగా లేవదు. ఇబ్బందులు లేవని కాదు. సర్ఫేస్ బాగా పడిపోతుంది, ప్లాటినంకి పట్టు దొరికే చోట్లు తగ్గుతాయి, లోడింగ్ పెంచితే కణాలు గుంపులు కట్టేస్తాయి, పైగా నీళ్ళని దగ్గరకి రానివ్వదు కాబట్టి ఇంక్ (ఎలక్ట్రోడ్ పూతకి ఈ పొడితో చేసే ద్రవం) కలిపి పక్కన పెడితే కాసేపటికే అడుగున పేరుకుంటుంది, ఆల్కహాల్ శాతం పెంచి మళ్ళీ సోనికేట్ చేసుకోవాలి (అల్ట్రాసౌండ్‌తో కదిలించాలి). అయినా నా ఓటు దీనికే. మొదట్లో కొన్ని మిల్లీవోల్టులు పోయినా పర్లేదు, అవి ఎప్పటికీ అంతే ఉంటాయి, కరోజన్ నష్టం అలా ఆగదు కదా.

ఆక్సైడ్లు కాగితం మీద అదుర్స్. టిన్ డయాక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ముందే పూర్తిగా ఆక్సిడైజ్ అయిపోయి ఉంటాయి, 1.5 వోల్టులు పెట్టినా ఇంక ఆక్సిడైజ్ అవడానికేమీ మిగల్లేదు. గొడవంతా కరెంట్ పారడంలో. నియోబియం, యాంటిమనీ కలిపి కండక్టివిటీ తెప్పిస్తారు, యాంటిమనీ అయితే యాసిడ్‌లోకి మెల్లగా కారిపోతుంది. టైటానియం సబాక్సైడ్‌లు (ఆక్సిజన్ కాస్త తగ్గించినవి) కరెంట్ బాగానే పారిస్తాయి గానీ చేయాలంటే బాగా వేడి కావాలి, ఆ వేడికి సర్ఫేస్ మిగలదు. ఇంకోటి, అంతే పరిమాణానికి టిన్ ఆక్సైడ్ బరువు కార్బన్‌కి మూడు రెట్లకి పైనే, అందుకే "రెండూ 20 శాతం ప్లాటినం" అని పక్కపక్కన పెట్టిన గ్రాఫ్‌ని నేను నమ్మను, పొర మందం అసలు ఒకటి కాదు.

కార్బన్ నానోట్యూబులు? మన్నుతాయి. కానీ ఖరీదు, పైగా ప్లాటినం పట్టాలని నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తే మళ్ళీ డిఫెక్ట్స్ మనమే పెట్టినట్టు. గ్రాఫీన్ షీట్లు ఒకదానిమీద ఒకటి అతుక్కుపోతాయి, వదిలేయండి.

మొబైల్ టవర్ బ్యాకప్ లాంటిదైతే కరెంట్ పోయిన ప్రతిసారీ ఒక స్టార్ట్, అక్కడ గ్రాఫిటైజ్డ్ తప్ప ఇంకోటి చెప్పను. రోజంతా హైవే మీద నడిచే ట్రక్ వేరే కథ. అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ ట్రక్కులకి 25,000 గంటలు టార్గెట్ పెట్టింది, అక్కడ స్టార్టులు తక్కువ, లోడ్ ఎక్కుతూ దిగుతూ ప్లాటినమే కరిగిపోవడం పెద్ద సమస్య. ఆపేటప్పుడు చిన్న లోడ్ పెట్టి మిగిలిన ఆక్సిజన్ తినిపించేసి, స్టార్టింగ్‌లో హైడ్రోజన్‌ని గబగబా తోసే కంట్రోల్ కూడా ఉంటే ఎక్కువ సర్ఫేస్ ఉన్న పోరస్ కార్బన్ వాడుకోవచ్చు, టొయోటా కూడా 2020లో వచ్చిన రెండో మిరాయ్‌లో మీసోపోరస్ (కొన్ని నానోమీటర్ల రంధ్రాలున్న) కార్బనే పెట్టింది.

పేపర్లు పోల్చేటప్పుడు మాత్రం "30,000 సైకిల్స్" అని కనపడగానే ఆగి వోల్టేజ్ రేంజ్ చూడండి. 0.6 నుంచి 0.95 అయితే అది ప్లాటినం టెస్ట్, సపోర్ట్ గురించి ఏమీ చెప్పదు. సపోర్ట్ టెస్ట్ అంటే 1.0 నుంచి 1.5 వోల్టుల మధ్య 5,000 సైకిల్స్.